ఒకటిన్నర చుట్టు

2002 ఆగస్టు 2, శుక్రవారం

ఇది పెట్రోలు పుస్తకం కాదు. పెట్రోలు పుస్తకం మిషను వాళ్ళకి చూపించేది. దాని పేజీలకు అంకెలు వేసి ఉంటాయి. లీటర్లూ కిలోమీటర్లూ తప్ప అందులో ఇంకేమీ రాయకూడదు. అందులో రాయలేనివి ఇందులో రాసుకుంటాను. దీన్ని చోళ్ళ డబ్బా అడుగున పెడతాను.

జూలై లెక్క ఇవాళ కట్టాను. ఇరవై లీటర్లకు మూడు వందల ఇరవై కిలోమీటర్లు. లీటరుకు పదహారు. పోయిన ఏడాది ఇదే బండి ఇరవై మూడు, ఇరవై నాలుగు ఇచ్చింది. మిషను దొర వెళ్ళిపోతూ డిస్పెన్సరీకి వదిలేసిన పాత మోటారుసైకిలు, రెండు సిలిండర్లు, రెండు కార్బురేటర్లు. ఇప్పుడు స్టార్టు చేస్తే పెరడంతా పెట్రోలు వాసన, వెనక నల్లటి పొగ. అది వస్తోందంటే మలుపు అవతలి నుంచే అందరికీ తెలుస్తుంది.

నా భయం పెట్రోలు గురించి కాదు. ఈయన కాంపౌండరు. వారానికి అయిదు రోజులు కొండల మీద ఊళ్ళు తిరగాలి. బండి మధ్యలో ఆగిపోతే? సంత పక్కన పోలీసు క్యాంపు పడి నెలయింది. అవతల అడవిలో అన్నలు. ఎవరి కంట పడినా ఇక్కడెందుకు ఆగావనే అడుగుతారు. ఏ జవాబు చెబితే ఎవరికి నచ్చుతుందో తెలియదు. సాయంత్రం నాలుగు దాటితే నేను వంటింట్లో ఉన్నా చెవులు రోడ్డు మీదే ఉంటాయి.

సంతలో వరహాలరావుకి చూపించాను. సాలూరు మెకానిక్కు, ప్రతి శుక్రవారం ఇక్కడి జీపులు చూడడానికి వస్తాడు. ప్లగ్గులు రెండూ విప్పి నా చేతిలో పెట్టాడు. లాంతరు చిమ్నీలో మసిలా ఉన్నాయి.

"కార్పేటర్లు ఎక్కువ తాగేత్తన్నాయమ్మా. గాలి సాలక పెట్రోలు కాలట్లేదు. మసైపోతంది" అన్నాడు.

విప్పి సరిచేయడానికి ఒక పూట పడుతుందట. అతనికి తీరిక లేదు. పోనీ నాకు చెప్పు, రాసుకుంటాను అన్నాను. మీరే సేసేసుకుంటే నాకు కూడెవులెడతారమ్మా అని నవ్వాడు. కానీ చెప్పాడు. గాలి స్క్రూ లోపలికి పూర్తిగా బిగించి, అక్కడి నుంచి ఒకటిన్నర చుట్టు బయటికి తిప్పాలి. కార్బురేటరు లోపలి సూదికి అయిదు గాట్లు ఉంటాయి, క్లిప్పు మధ్య గాటులో ఉండాలి. అడుగు గాటులో ఉంటే ఎక్కువ తాగుతుంది. రెండో కార్బురేటరు కూడా అచ్చం అంతే. రెండూ ఒక్కలా ఊపిరి తీసుకోవాలి. ప్లగ్గు ఇటుక రంగులోకి వస్తే పని అయినట్టు.

ఆగస్టు 3, శనివారం

పీట వేసుకుని కూర్చుని ఎడమదీ కుడిదీ విప్పాను. వరసగా గుడ్డ మీద పేర్చాను. ఈయన వచ్చి చూసి, పప్పులో రాళ్ళు ఏరుతున్నట్టే ఉందన్నారు. పాత స్టెతస్కోపు తెచ్చి ఇచ్చి, దాని చివరి బిళ్ళ పీకేసి ఆ గొట్టం కార్బురేటరు నోటి దగ్గర పెట్టి వినమన్నారు. విన్నాను. ఎడమది రొప్పుతోంది, కుడిది మెల్లగా ఉంది. యాక్సిలరేటరు తీగ బిగువు సరిచేసి, రెండూ ఒకే చప్పుడు అయ్యేదాకా విన్నాను. ఎన్నిసార్లో లెక్క పెట్టలేదు.

ఒక పొరపాటు చేశాను. విప్పే ముందు సూదులు ఏ గాట్లలో ఉన్నాయో, స్క్రూలు ఎన్ని చుట్లు ఉన్నాయో రాసుకోలేదు. నేనెప్పుడూ అలా చేయను. ఎడమదీ కుడిదీ వేరువేరుగా ఉన్నాయని మాత్రం గుర్తుంది.

ఆగస్టు 9, శుక్రవారం

నిన్న ట్యాంకు ఖాళీ చేసి కొలిచి ఒక్క లీటరు పోశాను. ఇంకో లీటరు సీసాలో పట్టుకుని వెనక కూర్చున్నాను. ఇరవై మూడున్నర దగ్గర ఆగింది. వానలో ఇద్దరం నవ్వుకున్నాం. పెట్రోలు పుస్తకంలో ఎర్ర సిరాతో రాశాను: ట్యూనింగు తరువాత, లీటరుకు 23.5.

ఇవాళ సంతలో వరహాలరావు ప్లగ్గు చూసి, పరీక్ష పాసయ్యేరమ్మా అన్నాడు. ఇంటికి వచ్చేదాకా ఆ మాటే అనుకుంటూ వచ్చాను.

ఆగస్టు 12, సోమవారం

నిన్న ఆరాధన మధ్యలో కొండ అవతల చప్పుళ్ళు. కీర్తన ఆపలేదు, అందరూ గొంతు కాస్త పెంచారు. ఇవాళ బస్సు కండక్టరు చెప్పాడు, కాల్పులట. అన్నల్లో ఇద్దరు పోయారట. దెబ్బ తగిలినవాళ్ళు తప్పించుకున్నారట.

ఈయన మామూలుగానే బయలుదేరారు. అయిదు లీటర్లు పోశాను.

ఆగస్టు 17, శనివారం

వారం లెక్క. ఖర్చు నాలుగున్నర లీటర్లు. మీటరు మీద డెబ్బై రెండు. లీటరుకు పదహారు.

మళ్ళీ తాగుతోంది. ఎక్కడో తప్పు చేశాను. మధ్యాహ్నం మొత్తం విప్పాను. క్లిప్పులు మధ్య గాట్లలోనే ఉన్నాయి. స్క్రూలు ఒకటిన్నర, ఒకటిన్నర. ప్లగ్గులు ఇటుక రంగు. ఒక లీటరు పోసి, ఆయన్ని బతిమాలి వెనక కూర్చుని వెళ్ళాను. ఇరవై మూడున్నర.

నేను వెనక ఉంటే ఇరవై మూడున్నర. నేను లేకపోతే పదహారు.

పుస్తకంలో పదహారు అనే రాశాను. ఉన్నది రాయాలి.

ఆగస్టు 18, ఆదివారం

బండే. ఘాట్ ఎక్కేటప్పుడు ఎక్కువ తాగుతుంది. ఒంటరిగా వెళితే ఆయన వేగంగా పోతారేమో.

ఆగస్టు 20, మంగళవారం

బండి తుడుస్తుంటే చూశాను. ముందు చక్రం దగ్గరంతా ఎర్ర బురద పట్టి ఎండిపోయింది. మీటరు తీగ బిగించే నట్టు ఒక్కటే శుభ్రంగా ఉంది.

ఆగస్టు 21, బుధవారం

ఇరవై రెండేళ్ళ కాపురం. ఎలీయేజరు అలాంటి మనిషి కాదు. ఏ ఊళ్ళోనో ఎవరో ఒకావిడ ఉందన్నా ఇవాళ నాకు కాస్త ఊపిరి ఆడేది.

ఆగస్టు 24, శనివారం

మళ్ళీ పదహారు. లెక్క వద్దనుకుంటూనే కట్టాను. నాలుగున్నర లీటర్లకు నూట ఆరు రావాలి. మీటరు మీద ఉన్నది డెబ్బై రెండు. తేడా ముప్పై నాలుగు. పోవడానికి పదిహేడు, రావడానికి పదిహేడు.

డిస్పెన్సరీ పాత రిజిస్టర్లలో దూరాలన్నీ నా చేతిరాతే. మా గేటు నుంచి పదిహేడు కిలోమీటర్లలో ఉన్న ఊరు ఒక్కటే. అటు పోవద్దని క్యాంపు వాళ్ళు చెప్పాక ఆ ఊరిని జాబితాలోంచి కొట్టేశాం. మా హాస్టల్లో కూతుర్ని చదివించుకున్న సుక్రు ఊరు.

బండే అయి ఉండాలి. దేవా, బండే అయి ఉండాలి.

ఆగస్టు 30, శుక్రవారం

సుక్రు వచ్చాడు. సంతలో పసుపు అమ్ముకుని, దారిలో మా ఇంటికి ఒక గుమ్మడికాయ తెచ్చాడు. అరుగు మీద కూర్చుని టీ తాగుతూ డాట్రుబాబు సెయ్యి సల్లనిది అన్నాడు. ఎవరికి బాగోలేదని అడిగాను.

"గుంట నిన్న జావ తాగిందమ్మా" అన్నాడు.

అనేశాక గ్లాసులోకి చూస్తూ కూర్చున్నాడు. సుక్రుకి ఉన్నది ఒక్కర్తే కూతురు. అతను సగం టీ వదిలేసి వెళ్ళిపోయాడు.

ఇన్నాళ్ళూ ఆ పేరు ఇందులో రాయలేదు. గంగ. ఆరేళ్ళప్పుడు ఒళ్ళంతా గజ్జితో మిషను హాస్టలుకి వచ్చింది. నేనే తల గొరిగించి, వేపాకు నీళ్ళు పోసి, రెండు గౌన్లు కుట్టాను. హాస్టలు ఉన్నన్నాళ్ళూ వంటా దుప్పట్లూ నేనే చూసేదాన్ని. పదో తరగతి పాసై, రెండేళ్ళ కిందట ఒక పొద్దున కనపడలేదు. అన్నల్లో కలిసిందన్నారు. వెళ్తూ ఒక దుప్పటి తీసుకెళ్ళింది. హాస్టలు మూసేసినా ఆ రిజిస్టరు ఇంకా నా దగ్గరే ఉంది. దుప్పట్లు నలభై, ఉన్నవి ముప్పై తొమ్మిది.

ఆగస్టు 31, శనివారం

మధ్యాహ్నం అన్నం వడ్డించి, ఎదురుగా కూర్చుని అడిగాను.

"మీటరు తీగ ఊడదీస్తే కిలోమీటర్లు ఆగుతాయి. పెట్రోలు ఆగుతుందా అండీ?"

అన్నం కలుపుతూనే చెప్పారు.

"ఈ బండి ఎక్కువ తాగుతుందని ఊరందరికీ తెలుసు కదా అనుకున్నాను."

"దాన్ని నేను బాగుచేశాను కదా."

"అది మర్చిపోయాను లిదియా" అన్నారు.

తరువాత చెప్పారు. ఆ రోజు కాల్పుల్లో గుండు గంగ తొడలోంచి దూసుకుపోయిందట. ఎముకకు తగల్లేదు. చీము పట్టింది, ఇప్పుడు తగ్గుతోంది. సుక్రు పసుపు చేను పైన పాకలో ఉంది. ఇంకో నాలుగు కట్లు కడితే చాలట. ఆ తరువాత ఎక్కడికి పోతుందన్నాను. తెలియదన్నారు. వాళ్ళలోకే పోతే? అదీ తెలియదన్నారు. మీకేమైనా అయితే కట్లు ఎవరు కడతారని అడిగాను. గట్టిగానే అడిగాను. ఆయన లేచారు.

చేయి కడుక్కుని వచ్చి, "నిన్ను అడిగింది. అమ్మగారు ఇంకా దుప్పట్లు లెక్కపెడతన్నారా అని" అన్నారు.

నేను పళ్ళెం తీసుకుని లోపలికి వచ్చేశాను. తోమిన గిన్నెలే మళ్ళీ తోమాను. పిల్ల మీద కోపమో, ఈయన మీదో. భయం మాత్రం ఒక్క చోట లేదు.

సెప్టెంబరు 6, శుక్రవారం

క్యాంపు ఎస్సై ఇంటికి వచ్చాడు. కుర్రవాడే. చెప్పులు గుమ్మం దగ్గర విప్పి కూర్చున్నాడు. మంచినీళ్ళు ఇస్తే రెండు చేతులతో తీసుకున్నాడు. దెబ్బ తగిలినవాళ్ళకి ఎవరో కట్లు కడుతున్నారట. అటువైపు తిరిగే బళ్ళన్నిటి పెట్రోలు చూస్తున్నారట.

"మీ లెక్కలు అద్దంలా ఉంటాయని సంతలో అందరూ చెబుతారమ్మా. వచ్చే శుక్రవారం పుస్తకమూ బండీ రెండూ క్యాంపుకి తీసుకురండి. సార్‌ని కూడా" అన్నాడు.

అతను వెళ్ళాక పుస్తకం తీసి చూశాను. జూలైలో లీటరుకు పదహారు. ఆగస్టు మూడు, నాలుగు, అయిదు వారాలు పదహారు. మధ్యలో ఎర్ర సిరాతో 23.5. బండి స్టార్టు చేస్తే చాలు, అది పొగ లేకుండా, చక్కగా, ఇరవై మూడున్నర ఇచ్చే బండి అని ఎవరికైనా తెలిసిపోతుంది. మిగతా పెట్రోలు ఎక్కడికి పోయిందని అడుగుతారు.

పేజీ చింపలేను, అంకెలు వేసి ఉన్నాయి. దిద్దలేను. దిద్దడం నాకు రాదు.

సెప్టెంబరు 7, శనివారం

పుస్తకంలో ఉన్నట్టు బండిని మార్చాను.

స్క్రూలు రెండూ పూర్తిగా లోపలికి బిగించాను. క్లిప్పులు రెండూ అడుగు గాటుకి దించాను. స్టార్టు చేయగానే పెరడంతా నల్లటి పొగ. దగ్గు వచ్చింది. మీటరు తీగ బిగించి, నట్టు మీద బురద పూసి, ఎండబెట్టాను.

ఇవాళే చేయడానికి కారణం ప్లగ్గులు. మసి ఒక పూటలో పట్టదు. వారం తిరగాలి. ఈ వారం సుక్రు ఊరికి వెళ్ళడానికి వీల్లేదని ఈయనకు చెప్పాను. కట్టు మార్చకపోతే మళ్ళీ చీము పడుతుందన్నారు. వద్దన్నాను. వద్దన్నది నేను. ఇది రాసుకుంటున్నాను.

సెప్టెంబరు 11, బుధవారం

అయిదుంపావు అయినా రాలేదు. నాలుగు కిలోమీటర్ల అవతల ప్లగ్గులు మసి పట్టి బండి ఆగిపోయిందట. తోసుకుంటూ వచ్చారు. నేను భయపడ్డదే నా చేత్తో చేశాను.

సెప్టెంబరు 13, శుక్రవారం

క్యాంపులో రేకుల షెడ్డు కింద కుర్చీ వేశారు. నన్ను కూర్చోమన్నారు. ఈయన్ని ఇంకో గదిలోకి తీసుకెళ్ళారు. ఎస్సై పుస్తకం తిప్పుతూ ఎర్ర సిరా దగ్గర వేలు పెట్టి ఆగాడు. మెకానిక్కుని పిలవమన్నాడు.

వచ్చినవాడు వరహాలరావు. క్యాంపు జీపులు చూసేది అతనేనట. నాకు తెలియదు. నా ప్లగ్గు చూసి పాసయ్యారన్న మనిషి. ఆ బండి ఎంత బాగా నడిచిందో ఈ లోకంలో మా ఇద్దరి తరువాత తెలిసినవాడు అతనొక్కడే.

బండి పక్కన గొంతుక్కూర్చున్నాడు. ప్లగ్గులు విప్పాడు, నల్లగా ఉన్నాయి. ఎడమ స్క్రూ లోపలికి తిప్పి చూశాడు, కదల్లేదు. కుడిది చూశాడు, కదల్లేదు. రెండు సూదులూ పైకి తీసి పక్కపక్కన పట్టుకున్నాడు. అప్పుడు తలెత్తి నా వైపు చూశాడు.

అప్పుడు తెలిసింది నాకు. తెలియక పాడుచేసినవాళ్ళు రెండింటినీ ఇంత సమానంగా పాడుచేయరు. ఎడమ ఎంతో కుడి అంత, గాటుకి గాటు. చేయి తిరిగిన మనిషి కావాలని చేస్తేనే అలా ఉంటుంది. ఆ పని చేసినంతసేపూ నాకది తట్టనే లేదు. సమానంగా ఉంచడం అలవాటైపోయింది.

ఎస్సై పుస్తకం మూసి లేచి ఇటు రాబోతున్నాడు. వరహాలరావు తల దించుకుని, ఏదో దులుపుతున్నట్టు వంగి, కుడి స్క్రూని ముప్పావు చుట్టు బయటికి తిప్పాడు. కుడి సూది క్లిప్పుని ఒక గాటు జరిపాడు. అంతా బిగించి కిక్కు కొట్టాడు. ఎడమ సైలెన్సరు నల్లగా కక్కింది, కుడిది సన్నగా. బండి కుంటుతున్నట్టు కొట్టుకుంది.

"సూడండి సారూ. ఒకటి ఒకలాగ, ఇంకోటి ఇంకోలాగ. ఆడోళ్ళు సెయ్యెడితే ఇలాగే ఉంటది. ఏదో సెప్పమంటే సెప్పేను, కార్పేటర్లు రెండూ నాశనం సేసి ఎట్టింది. పదారిత్తే గొప్పే" అన్నాడు.

అక్కడున్న కానిస్టేబుళ్ళు నవ్వారు. ఎస్సై నవ్వలేదు. పుస్తకం తెరిచి ఎర్ర సిరా నాకు చూపించాడు.

"మరి ఇది ఎలా వచ్చిందమ్మా?"

పదహారేళ్ళుగా ఈ చేత్తో లెక్కలు రాస్తున్నాను. బియ్యం, పప్పు, దుప్పట్లు, సబ్బులు, పెట్రోలు. ఒక్క అంకె తప్పని ఎవరూ అనలేదు.

"నేను కొలత తప్పానండి" అన్నాను. "లీటరు అనుకుని లీటరున్నర పోసి ఉంటాను."

అతను పుస్తకం మూశాడు. పుస్తకం చేతికిచ్చి, ఇకమీద మెకానిక్కు చేత చేయించుకోండి అన్నాడు. ఈయన్ని బయటికి పంపారు. చొక్కా వీపంతా తడిసి ఉంది.

గేటు దాటేదాకా వరహాలరావు మా వైపు చూడలేదు. జీపు కింద దూరి పడుకున్నాడు, కాళ్ళు మాత్రం కనపడుతున్నాయి.

సెప్టెంబరు 14, శనివారం

వారం లెక్క. అయిదు లీటర్లు, ఎనభై ఒకటి. లీటరుకు పదహారుకి కాస్త పైన. ఈ నెలన్నర వారం లెక్కల్లో నిజమైనది ఇదొక్కటే.

వరహాలరావుకి తెలుసు. ఎందుకు కాపాడాడో తెలియదు. రేపు ఎవరైనా గట్టిగా అడిగితే ఏం చెబుతాడో కూడా తెలియదు. గేటు చప్పుడైతే లేచి నిలబడుతున్నాను.

బండిని ఇంక బాగుచేయకూడదు. అది ఇలాగే పొగ కక్కుతూ, కుంటుతూ, మలుపు అవతలి నుంచే అందరికీ వినపడుతూ తిరగాలి. ఎడమది రొప్పుతుంటే నా చెవులకు ఎంత కష్టంగా ఉంటుందో ఎవరికి చెప్పను.

సెప్టెంబరు 16, సోమవారం

సుక్రు పొద్దున్నే వచ్చి గేటు బయట నిలబడ్డాడు. లోపలికి రాలేదు. గుంటకి మళ్ళీ ఒళ్ళు కాలతందమ్మా అని చెప్పి వెళ్ళిపోయాడు.

ఈయన నా ముఖం చూశారు. నేను దూదీ గుడ్డా వేడినీళ్ళలో మరగబెట్టి సంచిలో పెట్టాను. పాత ప్లగ్గులు రెండు గీకి, పెట్రోలుతో కడిగి, ఆరబెట్టి, కాగితంలో చుట్టి ఆయన జేబులో వేశాను. ఆగిపోతే మార్చుకోవడానికి. అయిదు లీటర్లు పోశాను. లోపలికి వెళ్ళి దుప్పటి ఒకటి తెచ్చి సంచి పైన కట్టాను. పాక చల్లగా ఉంటుంది. దుప్పట్లు ఇప్పుడు ముప్పై ఎనిమిది.

ఈ వారం లెక్క పదహారు కంటే తక్కువే వస్తుంది, బండి ఇంకా పాడైందనుకుంటారు. ఆయన బండి ఎక్కబోతుంటే ఆగమన్నాను. ముందు చక్రం దగ్గర కూర్చుని మీటరు తీగ నేనే ఊడదీశాను. నట్టు మీది బురద చెదరకుండా, పొడిగుడ్డతో పట్టుకుని.